డకోటా తర్వాత ఏది: మార్టిన్ 2-0-2 లేక కాన్వెయిర్ 240?

రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి అమెరికా ఎయిర్‌లైన్స్‌కు డగ్లస్ డీసీ-3 (డకోటా అన్నది దీని మరో పేరే) బదులు కొత్త విమానం కావాల్సి వచ్చింది. బరిలో నిలిచినవి రెండు: మార్టిన్ 2-0-2, కాన్వెయిర్ 240. రెండింటికీ ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజన్లే, సీట్లూ దాదాపు 40. తేడా అంతా మిగతావాటిలోనే.

ఎవరు ముందు?
మార్టిన్: 1946 నవంబరులో ఎగిరింది, 1947లోనే అనుమతి.
కాన్వెయిర్: 1947 మార్చిలో ఎగిరింది, 1948 జూన్‌లో సర్వీసులోకి. ముందు చేసిన 30 సీట్ల మోడల్ 110 చాలదని అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనడంతో పెద్దది చేయాల్సి వచ్చింది. ఆలస్యం మంచికే అయింది.

క్యాబిన్?
మార్టిన్‌లో ప్రెషరైజేషన్ (ఎత్తులో ఎగిరేటప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు) లేదు. మబ్బుల కింద కుదుపులు తింటూ పోవాల్సిందే.
కాన్వెయిర్‌లో ఉంది.

రిస్క్?
1948 ఆగస్టు 29న నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ వారి 2-0-2 ఉరుముల మేఘాల్లో ఎడమ రెక్క ముక్క విరిగి కూలింది. 37 మందీ చనిపోయారు. రెక్క అతుకు దగ్గర లోహం పదేపదే ఒత్తిడికి అలసి పగిలింది, అసలు లోపం డిజైన్‌లోనే. తొందరకు కట్టిన మూల్యమిది.
కాన్వెయిర్‌కు అలాంటి మచ్చ పడలేదు. కాకపోతే ఎగ్జాస్ట్‌ను (ఇంజన్ వదిలే వేడి పొగను) రెక్క వెనక్కి గొట్టాల్లో పంపి కాస్త అదనపు తోపుడు రాబట్టేది. మోత మాత్రం గట్టిగానే ఉండేది!

అమ్మకాలు?
2-0-2లు యాభై కూడా దాటలేదు. 240లు సైనిక రకాలతో కలిపి 500 పైనే.

1947లోనే విమానం చేతికి రావాల్సిన సంస్థకు మార్టినే దిక్కు. ఏడాది ఆగగలిగితే కాన్వెయిరే. 1951 దాకా ఆగితే ప్రెషరైజేషన్ ఉన్న మార్టిన్ 4-0-4 కూడా పనికొచ్చేదే, టీడబ్ల్యూఏ, ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ దాన్నే కొన్నాయి.