నాలుగేళ్లుగా 80 దగ్గరే ఆపుతున్నాను

ఈ ల్యాప్‌టాప్ 2021 జూన్‌లో కొన్నాను. కొన్న రోజు రాత్రే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోయేలా లిమిట్ పెట్టాను. నాలుగేళ్లు దాటింది. స్క్రీన్, ప్రాసెసర్, కీబోర్డు గురించి మీకు ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఈ ఒక్క సెట్టింగ్ గురించే రాస్తాను, దీని మీద నాకు అంత మమకారం.

దానికి కారణం నా పాత ల్యాప్‌టాప్. ఖమ్మంలో ఇంటి నుంచే చిన్న దుకాణాల లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. పొద్దున ఎనిమిదింటికి ప్లగ్ పెడితే రాత్రి దాకా తీసేది లేదు. అది కొన్న మూడో వేసవిలో టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం మానేసింది. దుమ్ము పట్టిందేమో అనుకుని తుడిచాను. వారం గడిచేసరికి మూత సరిగా పడటం లేదు, బల్ల మీద పెడితే ఒక మూల ఊగుతోంది. రిపేరు షాపుకి తీసుకెళ్తే, అక్కడి అబ్బాయి పక్క నుంచి ఒక్కసారి చూసి, "అక్కా, బ్యాటరీ ఉబ్బింది. ఇక దీన్ని నొక్కి మూయకండి, సెల్ చిట్లితే మంటలొస్తాయి" అన్నాడు. విప్పి చూపించాడు. పలకల్లా ఉండాల్సిన సెల్స్ పూరీల్లా పొంగి ఉన్నాయి. ఆ వారమంతా నేను దాన్ని అరచేత్తో అదిమి మూసి, మా పాప పడుకునే మంచం పక్కనే పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

లిథియం అయాన్ సెల్ ఫుల్ అయితే 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. నెలల తరబడి ఆ వోల్టేజీలోనే ఉంచి, పైగా వేడి తగిలితే లోపలి ద్రావణం మెల్లగా విరిగి గ్యాస్ పుడుతుంది. ఉబ్బేది అందుకే. నా బల్ల పడమటి కిటికీ పక్కన ఉండేది, మే నెల ఎండ నేరుగా దాని మీద పడేది. 80 దగ్గర ఆపేస్తే సెల్ మీద ఆ ఒత్తిడి తగ్గుతుంది. లెనోవో, ఆసస్, డెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ సౌకర్యం వేర్వేరు పేర్లతో ఉంది. ఐఫోన్‌లో 80 లిమిట్ 2023లో 15 మోడల్‌తో వచ్చింది. మా నాన్న మాత్రం బ్యాటరీ మొత్తం దిగాకే ఛార్జింగ్ పెట్టాలంటారు. ఆయన చాలా ఏళ్లు వాడినవి నికెల్ కాడ్మియం బ్యాటరీలు, వాటికి ఆ మాట చెల్లింది. లిథియంకి చెల్లదు.

విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసే కమాండ్ ఒకటి ఉంది. కొన్నప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు ఫుల్ ఛార్జి ఎంత అని పక్కపక్కన చూపిస్తుంది. రెండున్నరేళ్లు అయ్యాక తీస్తే 96 శాతం అని వచ్చింది. నా సంతోషం చెప్పలేను. తెలిసినవాళ్లందరికీ చూపించాను, నాకు పని ఇచ్చే దుకాణాలవాళ్ల కంప్యూటర్లలో కూర్చుని మరీ లిమిట్ పెట్టించాను.

మూడో ఏడాది మే 20. నెలవారీ రిటర్నులు వేయడానికి ఆఖరి తారీఖు. సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. స్క్రీన్ మీద బ్యాటరీ 80 చూపిస్తోంది, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఉంది, రెండు దుకాణాలవి మాత్రమే మిగిలాయి, ఒకటి బట్టలది, ఒకటి ఇనుప సామానుది. నాకేం టెన్షన్ అనిపించలేదు. బట్టల దుకాణం కొనుగోళ్లు 2బీతో (జీఎస్టీ పోర్టల్ చూపించే కొనుగోళ్ల జాబితా) సరిచూస్తూ కింద మూల చూస్తే 34 ఉంది. ఇంకా గంట పైనే వస్తుందనుకున్నాను. అంతలో ఏ హెచ్చరికా లేకుండా స్క్రీన్ నల్లబడింది. బటన్ నొక్కితే లైటు కూడా వెలగలేదు. సేవ్ చేయని షీట్ పోయింది.

ఛార్జర్ తీసుకుని ఆ వానలోనే పక్క వీధిలో మా పిన్నివాళ్లింటికి పరిగెత్తాను, వాళ్లకి ఇన్వర్టర్ ఉంది. షీట్ మళ్లీ మొదటి నుంచి. బట్టల దుకాణానిది పదకొండు దాటాక వేయగలిగాను. ఇనుప సామాను దుకాణానిది మర్నాటికి పోయింది. ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయలు, దాని మీద ఒక రోజు వడ్డీ. ఆ డబ్బు నేనే కట్టాను. డబ్బుది ఏముంది, ఇన్నేళ్లలో నా చేతి మీదుగా ఆలస్యమైన మొదటి రిటర్ను అది. ఆ దుకాణం యజమానికి ఫోన్ చేసి చెప్పేటప్పుడు నా గొంతు పెగల్లేదు. "పర్లేదమ్మా" అన్నారు కానీ నాకు మనసు కుదుటపడలేదు.

బ్యాటరీ పోయిందనుకుని మళ్లీ అదే షాపుకి వెళ్లాను. ఆ అబ్బాయి రెండే అడిగాడు: "లిమిట్ పెట్టాక ఏనాడైనా ఫుల్ చేశారా అక్కా? ఏనాడైనా బాగా దిగనిచ్చారా?" ఒక్కసారి కూడా లేదు. బ్యాటరీలో ఉండే చిన్న చిప్ లోపలికి ఎంత కరెంటు వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని లెక్క కడుతూ ఉంటుందట. ఫుల్ అయినప్పుడు, అడుగంటినప్పుడు దాని లెక్క సరిపడుతుంది. ఆ రెండు కొసలూ మూడేళ్లు చూడకపోయేసరికి చిన్న చిన్న తేడాలు పోగై, నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ చూపించింది. లెక్కల మనిషిని కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. రోకడ పుస్తకం (రోజువారీ నగదు లెక్క) రాస్తూ పోయి, గల్లాపెట్టెలో డబ్బు ఏనాడూ లెక్కపెట్టకపోతే జరిగేది ఇదే.

లిమిట్ తీసి 100 దాకా ఎక్కించాను. గంటసేపు అలాగే ప్లగ్‌లో ఉంచి, పది శాతానికి దిగేదాకా వాడి, మళ్లీ ఆపకుండా 100కి ఎక్కించాను. తర్వాత రిపోర్ట్ తీస్తే 96 పోయి 83 వచ్చింది. అంటే నేను అందరికీ చూపించిన 96 నిజం కాదు.

మూడేళ్ల రోజంతా వాడకానికి 83 ఇప్పటికీ మంచి అంకే అంటాను, పాతది మూడో వేసవికే ఉబ్బింది కదా. కానీ ఇదంతా లిమిట్ చలవేనని ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కొత్తది కొన్నప్పుడే బల్లని కూడా ఎండ పడని గోడ వైపుకి జరిపాను. ఏది ఎంత కాపాడిందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

నాలా రోజంతా ప్లగ్‌లో పెట్టి, నీడపట్టున కూర్చుని పనిచేసేవాళ్లయితే లిమిట్ పెట్టుకోండి, రెండు నెలలకోసారి పైకీ కిందకీ ఒక చుట్టు తిప్పండి. మా అక్క కొడుకు హైదరాబాద్‌లో కాలేజీకి ల్యాప్‌టాప్ మోసుకెళ్తాడు, క్లాసులో ప్లగ్ దొరకదు. వాడిది నేనే తీయించేశాను. నా ఫోన్‌కి కూడా పెట్టుకోలేదు, బ్యాంకులు, దుకాణాలు తిరిగే రోజు సాయంత్రం దాకా రావాలి.

నాదానికి ప్రతి నెలా 18న లిమిట్ తీసేస్తాను, 21 పొద్దున మళ్లీ పెడతాను. ఆ మూడు రోజుల్లో అరిగేది ఎంతైనా నాకు సమ్మతమే. పోయిన నెల రిపోర్ట్‌లో 79 వచ్చింది. మూత చక్కగా పడుతోంది, టచ్‌ప్యాడ్ ఏ మూల నొక్కినా క్లిక్ అవుతోంది.