సిక్కోలు రోడ్ల మీద హైరైడర్ హైబ్రిడ్: మైలేజీ అంతా బ్రేకు పెడల్లోనే

హైబ్రిడ్ అనగానే ముందు వచ్చే ప్రశ్న "ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి?" అని. ఎక్కడా పెట్టక్కర్లేదు. టొయోటా అర్బన్ క్రూయిజర్ హైరైడర్‌కి ప్లగ్గు లేదు, పెట్రోలు పోసుకుని తిరగడమే. 2022లో మార్కెట్లోకి వచ్చింది. మారుతి గ్రాండ్ విటారా దీని కవల. ఇక్కడ చెప్పేదంతా స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి, అంటే పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండి, కొంతసేపు ఒక్క మోటారు మీదే నడవగలిగే బండి. అదే పేరుతో, అదే ఒంటితో మైల్డ్ హైబ్రిడ్ కూడా అమ్ముతారు. దాని ఇంజను వేరు, అది మోటారు మీద ఒంటరిగా నడవదు. బుకింగ్ కాగితం మీద ఏది రాశారో చూసుకుని సంతకం పెట్టండి.

ఇందులో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను 92 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), మోటారు 80 పీఎస్. రెండూ కలిసి చక్రాలకి ఇచ్చేది 116. కూడితే 172 రావాలి కదా అని అడగొద్దు. రెండూ ఒకేసారి పూర్తి బలం చూపించవు. బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్, అంటే కరెంటు బిల్లు లెక్కలో ముప్పావు యూనిట్. ఉత్త బ్యాటరీ మీద ఒకటి రెండు కిలోమీటర్లు పోతుంది, అంతే. ఆ చిన్న డబ్బా రోజంతా నిండుతూ ఖాళీ అవుతూ ఉండటంలోనే ఉంది బండి తెలివంతా. కంపెనీ చెప్పే లీటరుకి 27.97 కిలోమీటర్లు ల్యాబు పరీక్షలో వచ్చిన లెక్క.

శ్రీకాకుళం టౌన్లో ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ జంక్షన్, ఆదివారం అరసవల్లి రద్దీ ఈ బండికి అచ్చొచ్చిన చోట్లు. ఆగుతూ కదులుతూ పోయే చోట మామూలు పెట్రోలు కారు నష్టపోయేదాంట్లో కొంత ఇది బ్రేకు వేసినప్పుడు కరెంటుగా మార్చి వెనక్కి లాక్కుంటుంది. అదే జాతీయ రహదారి 16 ఎక్కి, చిలకపాలెం నుంచి మడపాం టోల్ దాకా 110లో పట్టి తోలితే బ్రేకు పని ఉండదు, తిరిగి పుట్టే కరెంటూ ఉండదు. గాలిని చీల్చుకుంటూ పోయే మామూలు మూడు సిలిండర్ల బండి మిగులుతుంది. 80, 90 మధ్య నడిపితే తేడా మీటర్లోనే కనపడుతుంది. నెలంతా హైవే మీదే తిరిగేవాళ్లకి హైబ్రిడ్‌కి పెట్టే అదనపు ధర తిరిగి రావడం కష్టం. పైగా ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్లో శక్తి ఆరేడు శాతం తక్కువ. మైలేజీ ఆ మేరకు తగ్గితే బండిని తిట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు బ్రేకు సంగతి. 50లో వెళ్తుంటే ఎదర సిగ్నల్ ఎర్రబడింది అనుకోండి. వంద, నూట యాభై మీటర్ల ముందే యాక్సిలరేటర్ వదిలేసి బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించాలి. మీటరులో ఎకో దగ్గరున్న గుర్తు కిందకి, సీహెచ్‌జీ (ఛార్జింగ్) అని రాసిన భాగంలోకి దిగుతుంది. మోటారు జనరేటరుగా మారి బండిని ఆపుతోందన్నమాట. ఆ భాగం నిండేదాకా నొక్కింది బ్యాటరీకి జమ. అంతకు మించి నొక్కింది బ్రేకు ప్యాడ్లకీ వేడికీ ఖర్చు. చివర్లో, బండి దాదాపు ఆగబోతుండగా, ప్యాడ్లే పట్టుకుంటాయి. అక్కడ చిన్న కుదుపులాంటిది తెలుస్తుంది, అది లోపం కాదు. గతుకు మీదో ఇసుక మీదో చక్రం జారినప్పుడు మోటారు బ్రేకు తప్పుకుని ప్యాడ్లకి అప్పగిస్తుంది. ఆ ఒక్క క్షణం బండి ముందుకి జారినట్టుంటుంది. భయపడి కాలు తీయకండి, గట్టిగా నొక్కి ఉంచండి.

బయల్దేరేటప్పుడు చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది. ఒక్క మోటారు మీదే నడుస్తోందని చూపే ఈవీ దీపం ఆరిపోకూడదని వెనక లారీ హారన్ కొడుతున్నా చీమలా పాకుతారు. బ్యాటరీలో కరెంటు ఊరికే రాలేదు. బ్రేకులో దొరికింది పోను మిగతాదంతా పెట్రోలు కాల్చి పుట్టించిందే. దాచి మళ్లీ వాడే ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది. ఇంజనుని పనిచేయనిచ్చి చురుగ్గా 50కి ఎక్కండి. తర్వాత ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ పల్చగా తొక్కితే ఇంజను ఆగిపోయి బండి మోటారు మీద సాగుతుంది. ఈవీ బటన్ ఇంటి ముందు బండి తీసి పెట్టడానికి పనికొస్తుంది, మైలేజీకి కాదు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ అంటే ఎన్‌లో పెట్టే అలవాటుంటే మానుకోండి, ఎన్‌లో బ్యాటరీ ఛార్జి కాదు.

బి గేరు ఘాట్ కోసం. ఒడిశా వైపు నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరుకి దిగేటప్పుడు అది వేస్తే ఇంజను కూడా బండిని పట్టి ఉంచుతుంది. దిగుతూ దిగుతూ బ్యాటరీ నిండిపోయాక కరెంటు పెట్టుకునే చోటుండదు. అప్పుడు ఇంజను పెట్రోలు కాల్చకుండానే గట్టిగా మోగుతుంది. మెకానిక్కుని పిలవక్కర్లేదు. చదును రోడ్డు మీద మాత్రం బి వద్దు.

చప్పుడు తక్కువగా ఉండటమే ఇందులో పెద్ద ప్రమాదం. సందులో మెల్లగా వస్తుంటే ఆవుకీ వినపడకపోవచ్చు, ఫోను మాట్లాడుతూ నడిచే మనిషికీ వినపడకపోవచ్చు. రెండోది, ఇంజను ఆగి ఉంది కదా అని డిలో ఉంచే దిగిపోవడం. రెడీ దీపం వెలుగుతోందంటే బండి కదలడానికి సిద్ధంగా ఉన్నట్టే. పి వేసి, పవర్ బటన్ నొక్కి, దీపం ఆరాకే తలుపు తీయండి. కోతల కాలంలో చోళ్లు, ఉలవలు రోడ్డు మీద పరిచిన చోట ఎప్పుడూ ఆగొద్దు. ఇంజను ఆగినా సైలెన్సరు గొట్టం కాలుతూనే ఉంటుంది, ఎండు గడ్డికి అది చాలు.

సంరక్షణలో ఎవరూ పట్టించుకోనిది పెద్ద బ్యాటరీకి గాలి పీల్చే జల్లెడ. ఎక్కడుందో మాన్యువల్లో బొమ్మ ఉంటుంది. దానికి అడ్డంగా సంచులూ దుప్పట్లూ పెడితే, దుమ్ము పడితే, బ్యాటరీ వేడెక్కి తక్కువ కరెంటు ఇస్తుంది. ఇంజను ఊరికే లేస్తుంటుంది, మైలేజీ పడిపోతుంది. వాక్యూంతో లాగించండి, నీళ్ల పైపు పెట్టొద్దు. మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లు ప్రతి సర్వీసుకీ అడిగి చేయించుకోవాలి. కూలెంటు డబ్బాలు రెండు, ఇంజనుకొకటి, బ్యాటరీ కరెంటుని మోటారుకి మార్చి ఇచ్చే ఇన్వర్టరుకొకటి. రెండోది మరిచిపోయే వర్క్‌షాపులున్నాయి. బోరు నీళ్లు కలపనివ్వకండి. కళింగపట్నం, బారువ లాంటి తీర ప్రాంతాల ఉప్పు గాలికి ఇంకో తంటా. ప్యాడ్లకి పని తక్కువ కాబట్టి డిస్కులు తుప్పు పడతాయి, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. ఏడాదికోసారి విప్పించి గ్రీజు పెట్టించండి.

పెద్ద బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. నిజానికి బండిని నిలబెట్టేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా రెడీ దీపం రాదు. ఊరెళ్తే వారానికోసారి ఎవరిచేతైనా రెడీలో అరగంట ఉంచమనండి, గేరు పిలో, బయట గాలి ఆడే చోట.

డిక్కీ చిన్నది, 265 లీటర్లే. కింద బ్యాటరీ కూర్చుంది. పెళ్లి సామాను ఎక్కదు.

వానాకాలం గెడ్డ పొంగి కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే దిగొద్దు. మునిగిపోయిన బండిని ఎండబెట్టి స్టార్ట్ చేసి చూద్దామనుకోవద్దు, నారింజ రంగు తీగలు ముట్టుకోవద్దు. ఉప్పునీరైతే గంటల తర్వాత కూడా బ్యాటరీ అంటుకునే అవకాశం ఉంది. ఇంటి గోడకి దూరంగా ఉంచి సర్వీసు వాళ్లకి ఫోన్ చేయండి. లాగించాల్సొస్తే ట్రాక్టరుకి తాడు కట్టించొద్దు. ముందు చక్రాలు నేల మీద దొర్లితే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండే కావాలని ఫోన్లో ముందే గట్టిగా చెప్పండి, లేకపోతే కొక్కెం బండితో వచ్చేస్తారు.