స్విఫ్ట్‌కి స్పేసర్లు వేయించాలనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

కారు కాస్త వెడల్పుగా కనిపించాలని నా స్విఫ్ట్ నాలుగు చక్రాలకీ 15 ఎం.ఎం. స్పేసర్లు, అంటే చక్రాన్ని కాస్త బయటికి జరిపే బిళ్లలు, వేయించాను. హైదరాబాద్‌లోనే, బాగా నడిచే యాక్సెసరీస్ షాపులో. గంట కూడా పట్టలేదు. చూడటానికి నిజంగానే బాగుంది, కాదనను.

పది రోజులకి అమ్మానాన్నలతో విజయవాడ బయల్దేరాం. చౌటుప్పల్ దాటాక స్టీరింగ్ వణకడం మొదలైంది. ఎనభైలో ఎక్కువ, అరవైకి దిగితే తక్కువ. బ్యాలెన్సింగ్ తేడా అనుకున్నాను. నార్కట్‌పల్లి దగ్గరికొచ్చేసరికి ముందు ఎడమ చక్రంలోంచి టక్ టక్‌మని చప్పుడు. ఆపి చూస్తే ఒక నట్టు వేళ్లతోనే తిరుగుతోంది. ఇంకో స్టడ్, అంటే నట్టు ఎక్కే బోల్టు, విరిగి నట్టుతో సహా ఎక్కడో పడిపోయింది. నాలుగింట్లో రెండే చక్రాన్ని పట్టుకుని ఉన్నాయి. నాన్న అది చూసి ఏమీ అనలేదు, వెళ్లి అమ్మని కారు దిగమన్నారు.

పంక్చర్ షాపతను చక్రం విప్పి స్పేసర్ నా చేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జాలు కోడిగుడ్డులా సాగిపోయాయి. చుట్టూ నల్లటి అల్యూమినియం పొడి.

స్పేసర్ అంటే హబ్‌కీ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల. అది ఎంత మందం ఉంటే స్టడ్ పొడవు అంత తగ్గినట్టే, నట్టుకి దొరికేది ఆ మిగిలిన కొస మాత్రమే. స్విఫ్ట్ స్టడ్ లావు 12 ఎం.ఎం., ఒక్కో చుట్టుకి నట్టు 1.25 ఎం.ఎం. లోపలికి వెళ్తుంది. స్టడ్ లావంత పొడవైనా థ్రెడ్ పట్టాలంటే దాదాపు పది చుట్లు తిరగాలి. నావి అయిదు చుట్లు తిరక్కుండానే చేతికొచ్చాయి. పైగా చక్రాన్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టే హబ్ అంచు కూడా ఆ బిళ్ల లోపలే ఉండిపోయింది. బిళ్లకి సొంత అంచు లేదు. వణుకు అందుకే.

షాపుకి ఫోన్ చేస్తే, 'గుంతల్లో స్పీడ్‌గా పోనిచ్చి ఉంటారు సార్' అన్నారు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. స్టడ్ సరిపోతుందా అని అక్కడ ఒక్కరూ చూడలేదు. ఎయిర్ గన్‌తో బిగించి పంపేశారు, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించుకోవాలన్న మాట కూడా చెప్పలేదు.

తప్పదు, వేయించాలి అనుకుంటే సొంత స్టడ్‌లు, హబ్ అంచు రెండూ ఉన్న ఫోర్జ్‌డ్ (లోహాన్ని బలంగా నొక్కి చేసిన) రకమే అడగండి. వాటితో కూడా బేరింగ్ మీద భారం పెరుగుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకీ ముందే చెప్పాలి. ఇప్పటికే ఉత్త బిళ్లలు వేయించినవాళ్లు ఈ రోజే ఒక నట్టు వదులు చేసి, ఊడొచ్చేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. పది కన్నా తగ్గితే ఆ కారుని హైవే ఎక్కించకండి, ముందు ఆ బిళ్లలు తీయించేయండి.