ఏటికొప్పాకా కొండపల్లా, ఆన్‌లైన్‌లో ఏవి అమ్మాలి?

మన బొమ్మలు అమ్ముదాం అనుకునేవాళ్ళకి నా ఓటు అయితే ముందు ఏటికొప్పాకకే. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. లేత్ పని కాబట్టి ఒకే సైజువి మళ్ళీ మళ్ళీ చేయించుకోవచ్చు, కొత్త డిజైన్లకీ ఛాన్స్ ఎక్కువ, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు, గాజులు, పెన్ స్టాండ్లు ఏదైనా సరే. గుండ్రంగా ఉంటాయి కనక కొరియర్‌లో విరగడం తక్కువే.

కొండపల్లి అలా కాదండీ. తెల్ల పొణికి కర్ర తేలిక, చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, పార్సిల్ విసిరారంటే ఏనుగు అంబారీలో ముందు గొడుగే పోతుంది, ప్యాకింగ్ ఖర్చు తడిసి మోపెడు. అందం మాత్రం దానిదే, దసరా కొలువు సీజన్‌లో దశావతారాల సెట్‌కి పోటీ ఉండదు.

అన్నట్టు 2021 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి, హస్తకళల శాఖలో రిజిస్టర్ అయిన కళాకారులకి మినహాయింపు ఉంది, సరుకు ఎత్తేముందే వాళ్ళ రిజిస్ట్రేషన్ కార్డు అడగండి.