ఆపరేషన్‌కి నాలుగు స్టార్లు, నైట్ డ్యూటీ సిస్టర్‌కి ఎన్నిచ్చినా తక్కువే

పాప పుట్టి ఆరు వారాలైంది, ఇప్పటికి రివ్యూ రాసే తీరిక దొరికింది, అదీ ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒంటి చేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఒక కంప్లైంట్ కూడా ఉంది కాబట్టి హాస్పిటల్ పేరు రాయట్లేదు.

14 గంటలు నొప్పులు పడ్డాక బేబీ హార్ట్‌బీట్ పడిపోతోంది, సిజేరియన్ చేయాలి అన్నారు. సంతకం ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. వెన్నులో మత్తు ఇంజెక్షన్‌కి వీపు వంచి కదలకుండా కూర్చోవాలట, అంత పొట్టతో, నొప్పులొస్తుంటే! ఒక సిస్టర్ ఎదురుగా నిలబడి నా తల తన భుజానికి ఆనించుకుని "నొప్పి వస్తుంటే చెప్పమ్మా, అది పోయేదాకా డాక్టర్ గారు ఆగుతారు" అంది, నిజంగానే ఆగారు. తర్వాత ఒళ్ళంతా ఒకటే వణుకు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఇంక పోతున్నాననుకున్నా. "ఈ మత్తుకి చాలామందికి వణుకొస్తుంది, ఏం కాదు" అంది. "ఇప్పుడు లోపల గుంజినట్టు ఉంటది, నొప్పి మాత్రం ఉండదు" అని ముందే చెప్పేది, సరిగ్గా అలాగే ఉండేది. తెర అవతల మన పొట్టలో ఏం జరుగుతోందో కనపడనప్పుడు ఆ మాటలే దిక్కు.

పాప ఏడుపు వినగానే ఆనందంతో ఏడ్చేశాం అంటారే అందరూ, నాకు అలసట తప్ప ఏమీ అనిపించలేదు. అది బయటికి చెప్పుకోలేక లోపల్లోపలే కుమిలిపోయా. రాత్రి రెండింటికి బీపీ చూడ్డానికొచ్చిన సిస్టర్‌తో "నా వల్ల కాలేదు సిస్టర్, కనలేకపోయా" అనేశా. మా వాళ్ళందరూ "తల్లీబిడ్డా క్షేమం, ఇంకేం కావాలి" అని నా నోరు మూయించినవాళ్ళే. ఈవిడ మాత్రం కుర్చీ లాక్కుని "మొదట్నుంచి చెప్పు" అంది. అంతా విని, హార్ట్‌బీట్ ఎప్పుడు ఎలా తగ్గిందో, ఎందుకు ఆగలేకపోయారో వివరంగా చెప్పింది. పాప మీద ప్రేమ కొందరికి మెల్లగా వస్తుందిలే అంది. అంతే, మొదటిసారి నిద్ర పట్టింది.

తెల్లారి లేపేటప్పుడు కూడా తనే, ముందు పక్కకి తిరిగి చేత్తో తోసుకుంటూ లేవాలట, దగ్గొస్తే కుట్ల మీద దిండు అదుముకోవాలట. పాపని చంక కింద నుంచి పట్టుకుని పాలిస్తే కుట్ల మీద బరువు పడదని చూపించింది, పాలు పడటం ఒకట్రెండు రోజులు లేటైనా ముర్రుపాలు ఇస్తూనే ఉండమంది.

ఇక కంప్లైంట్. పగలు ఇంకొకావిడ "పక్క బెడ్ ఆవిడ చూడు, ఎప్పుడో నడిచేసింది" అని పోలికలు. డిశ్చార్జ్ రోజు కుట్ల గురించి, మందుల గురించి పావుగంట చెప్పారు, మనసు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. కాన్పయ్యాక తల్లికి మొదటి రెండు వారాలు ఏడుపు రావడం మామూలేనట, అంతకుమించి సాగితే డాక్టర్‌కి చెప్పాలట. నాకు నాలుగో వారం కూడా ఆగకపోతే వేరే డాక్టర్ దగ్గరికెళ్ళా, అప్పుడు తెలిసింది ఈ సంగతి. ఒక కాగితం మీద రాసిచ్చినా సరిపోయేది కదా, అందుకే ఒక స్టార్ కట్.

వచ్చే వారం చెకప్ ఉంది. నైట్ డ్యూటీ సిస్టర్ ఎన్నింటికి వస్తుందో కనుక్కుని మరీ సాయంత్రం అపాయింట్‌మెంట్ తీసుకున్నా.