నల్ సరోవర్‌లో పడవ బేరం, వేలావదర్‌లో గద్దల సాయంత్రం

గుజరాత్‌లో పక్షులకి పేరుపడ్డ సరస్సు నల్ సరోవర్. దాని ఒడ్డున మా పడవవాడు చెప్పింది 1,200. తిరిగొచ్చాక అడిగింది 3,600. "మనిషికి సార్, పడవకి కాదు" అన్నాడు చాలా తాపీగా. నేను, మా ఆవిడ, మా బావగారు, మొత్తం ముగ్గురం. బావగారు బ్యాంకులో రిటైరైన మనిషి, రూపాయి దగ్గర కూడా రాజీపడరు. అరగంట వాదించి 2,500కి తెగ్గొట్టారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఫ్లెమింగోలు ప్రశాంతంగా మేస్తుంటే వాడు గెడ వేసుకుంటూ తిన్నగా వాటి మధ్యకి పోయి, కేకేసి లేపాడు. ఎగురుతుంటే ఫోటో బాగా వస్తుందట! మా ఆవిడ వద్దు వద్దని మొత్తుకున్నా వినలేదు, తిరిగి ఒడ్డు చేరేదాకా ఆవిడ మాట్లాడనే లేదు. లోతు తక్కువ సరస్సు అది. దూరంగా ఆగినా బైనాక్యులర్‌కి అన్నీ అందుతాయి. 2012లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల అన్న గుర్తింపు, వచ్చిన చోట ఇదీ పద్ధతి. మీరు వెళ్తే పడవ మొత్తానికి ఎంత, ఎన్ని గంటలు అన్నది ఎక్కేముందే తేల్చుకోండి. పక్షుల్ని లేపితే డబ్బులు ఇచ్చేది లేదని కూడా చెప్పండి. ఆదివారం మాత్రం వద్దు, పిక్నిక్ జనం.

ఆ రాత్రి హైవే పక్కన లాడ్జి, 2,800. వేడినీళ్ళు ఎనిమిది తర్వాతేనట. పక్షులు చూసేవాళ్ళు ఎనిమిదింటిదాకా మంచం మీదుంటారా? బావగారు చన్నీళ్ళు పోసుకుని, దారి పొడవునా నన్ను తిడుతూ వచ్చారు.

ఆయన నోరు మూయించింది మా రెండో మజిలీ, గుజరాత్‌లోనే ఉన్న వేలావదర్ ఊళ్ళో ఒక ఇంటి భోజనం. మందపాటి సజ్జ రొట్టెలు, నిప్పుల మీద కాల్చిన వంకాయ కూర, వెల్లుల్లి కారం, వెన్న, బెల్లం, అడిగినంత మజ్జిగ. మనిషికి 150. రెండో రొట్టెకి ఆయన మొహం విప్పారింది.

ఇక వేలావదర్ కృష్ణజింకల జాతీయ పార్కు. 34 చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం. కృష్ణజింకలు గేటు దాటగానే కనిపిస్తాయి, వాటికోసం తొందరపడక్కర్లేదు. మేం వెళ్ళింది హారియర్ల కోసం. కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల్లో పిల్లలు చేసుకుని, చలికాలానికి ఇక్కడికి దిగే గద్దలివి. పగలంతా చుట్టుపక్కల పొలాల మీద మిడతలు పట్టి తిని, పొద్దు వాలే వేళకి తిరిగొస్తాయి. చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. ముందు ఒకటి, తర్వాత నాలుగు, ఆపైన ఎటు చూసినా అవే. లేత బూడిద రంగు మగవాటిలో రెక్క మీద నల్లగీత ఉంటే మాంటెగ్యూ హారియర్, రెక్క కొసన సన్నగా నలుపుంటే పాలిడ్ హారియర్. గోధుమరంగు ఆడవాటిని గుర్తుపట్టడం మా గైడు వల్ల కూడా కాలేదు, ఆ మాట దాచకుండా చెప్పాడు. కర్నూలు దగ్గర రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం వెళ్ళి ఉత్త గడ్డి చూసొచ్చిన నాకు ఇది పండగే.

హారియర్లు కావాలంటే డిసెంబర్, జనవరి నెలల్లో, అదీ సాయంత్రం ట్రిప్పే తీసుకోండి. పొద్దున వెళ్తే జింకల్నే చూసి రావాలి. జూన్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా పార్కు మూసేస్తారు. మాకు ప్రవేశం, ట్యాక్సీ, గైడు, కెమెరా కలిపి 2,900 అయింది. కెమెరాకి వేరే రుసుం అనగానే బావగారు ఫోన్‌ తీసి జేబులో దాచేశారు.