ఉద్యోగి రాసిన కోడ్ ఎవరిది? గిట్‌హబ్ ఒప్పంద నమూనాపై సమీక్ష

ఉద్యోగి విధి నిర్వహణలో రాసిన సాఫ్ట్‌వేర్‌కు, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, యజమానే తొలి హక్కుదారు అని 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్, 1988 నాటి బ్రిటన్ చట్టం రెండూ చెబుతున్నాయి. చిక్కంతా తీరిక వేళల్లో రాసిన కోడ్‌తోనే. చాలా కంపెనీల ఒప్పందాలు దానిని కూడా తమ ఖాతాలో వేసుకుంటాయి. ఈ ధోరణికి ప్రత్యామ్నాయంగా, కోడ్‌ను భద్రపరచి పంచుకునే ఆన్‌లైన్ వేదిక గిట్‌హబ్ 2017లో విడుదల చేసిన ‘బ్యాలెన్స్‌డ్ ఎంప్లాయీ ఐపీ అగ్రిమెంట్’ను (ఉద్యోగి మేధోసంపత్తిపై సమతుల్య ఒప్పంద నమూనా) శ్రద్ధగా చదివాను.

కంపెనీ ప్రస్తుత లేదా రాబోయే ఉత్పత్తికి సంబంధించినదైతేనో, కంపెనీ వాడకం కోసం తయారైనదైతేనో, కంపెనీ మేధోసంపత్తిని వాడుకున్నదైతేనో తప్ప, కేవలం కంపెనీ లాప్‌టాప్‌పై రాసినంత మాత్రాన ఆ కోడ్ కంపెనీది కాబోదన్నది ఇందులోని కీలకాంశం. ఉద్యోగి పక్షాన ఇంత సూటిగా నిలిచే పత్రం అరుదు. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు కూడా.

అయితే ‘రాబోయే ఉత్పత్తి’ అన్న మాట నన్ను కలవరపెడుతోంది, ఎందుకంటే కంపెనీ రేపు ఏ రంగంలోకి దిగుతుందో సాధారణ ఉద్యోగికి తెలిసే దారి లేదు. ఆ మాటను రాతపూర్వకంగా ఉన్న ప్రణాళికలకే పరిమితం చేయించుకుని, సొంత ప్రాజెక్టుల జాబితాను జతపరిచి, స్థానిక న్యాయవాదికి చూపించిన తరువాతే సంతకం చేయడం మంచిది.